పేరాలో లేదు

ఫిబ్రవరి 3, 2025

అక్క కూతురు నా జిరాక్సు షాపులో మకాం పెట్టింది. ఇంటర్ రెండో ఏడు. సీయూఈటీ రాస్తుందట, సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష. షాపులో ఇన్వర్టరుంది, నెట్టుంది, నేనున్నాను. ఆ వరసలోనే.

సిలబస్ ప్రింటు తీసింది. ఇంగ్లీషు కింద మొట్టమొదట ఉన్నది చదివి అర్థం చేసుకోవడం. మూడు రకాల పేరాలు. సమాచారం ఇచ్చేవి, సాహిత్యం, కథనం. తెలుగుకీ అదే.

బావ వచ్చి చూశాడు. "పన్నెండేళ్ళు చదివించా కదరా. మళ్ళీ చదవడం మీద పరీక్షేంటి?" రొయ్యల మేత బండి వచ్చిందని ఫోనొచ్చింది. జవాబు వినకుండానే వెళ్ళాడు.

ఫిబ్రవరి 4

ఒక్కో సబ్జెక్టుకి 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. యాభైలో నలభై రాస్తే చాలన్న వెసులుబాటు ఈ ఏడాది నుంచి తీసేశారు. ఒప్పయితే అయిదు మార్కులు. తప్పయితే ఒకటి కోత.

అమ్మకి మిగతావేవీ ఎక్కలేదు గానీ కోత నచ్చింది. "తెలీకుండా చెప్పినోడికి కొయ్యాల్సిందే. పంచాయితీల్లో కూడా పెట్టాలి."

ఫిబ్రవరి 8

షాపు కోడూరులో, ఇల్లు హంసలదీవిలో. మధ్యలో చెరువులు, ఏరేటర్ల మోత. పిల్ల బండి వెనక కూర్చుని కార్డులు చదువుతూ వస్తోంది. ఎదురుగాలికి ఒక కార్డు చెరువులో పడింది. ఏ కార్డని అడిగాను. "ఏకాగ్రత గురించి."

ఫిబ్రవరి 9

అవనిగడ్డ నుంచి డీఎస్సీకి, అంటే టీచరు ఉద్యోగాల పరీక్షకి, చదివే కుర్రాడొకడు ప్రింట్లకొచ్చాడు. నోటిఫికేషన్ ఇంకా రాలేదు. అవనిగడ్డలో గదులు మాత్రం ఎప్పుడో నిండిపోయాయి. మెస్సులు నిండాయి. టీ కొట్లో బెంచీలు నిండాయి. శ్రీకాకుళం నుంచీ, అనంతపురం నుంచీ వచ్చి కూర్చున్నారు. రాని పరీక్షకి ఊరంతా చదువుతోంది.

అతను పిల్ల చేతిలో కాగితం చూసి, "అపరిచిత గద్యమా? ముందు ప్రశ్నలు చదువమ్మా. పేరా తర్వాత" అన్నాడు.

పిల్ల నాకేసి చూసింది. ఎవరైనా ఒకటి చెబితే అది నిజమేనా అని నాకేసి చూడటం దానికి అలవాటు. నేను జిరాక్సు మిషను కేసి చూశాను.

ఫిబ్రవరి 12

మాఘ పౌర్ణమి. వేణుగోపాలస్వామి కల్యాణం. ట్రాక్టర్లు, ఆటోలు, కాలినడక. అందరూ సాగర సంగమం దగ్గర మునిగి రావాలి. సంగమం ఊళ్ళో లేదు. నాలుగైదు కిలోమీటర్ల అవతల, పాలకాయతిప్ప దగ్గర. అది తెలియక గుడి దగ్గర దిగి సముద్రమేదని అడిగేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.

ఒడ్డున హెచ్చరిక బోర్డు. లోతుకి వెళ్ళరాదు. నలుగురు కుర్రాళ్ళు బోర్డు పట్టుకుని సెల్ఫీ దిగి, తిన్నగా లోతుకి వెళ్ళారు. మెరైన్ పోలీసు ఈల వేసి వేసి నీరసించాడు.

మైకులో తప్పిపోయినవాళ్ళ వివరాలు. "ఎర్ర గౌను, అయిదేళ్ళ పాప, తండ్రి పేరు చెప్పడం లేదు." పిల్ల గొణిగింది: "దీన్నిబట్టి ఏమి ఊహించవచ్చు? ఎ, పాపకి తండ్రి పేరు తెలియదు. బి, తెలుసు గానీ కోపంగా ఉంది."

బి అయ్యుండాలి. పాపని నేను చూశాను.

ఫిబ్రవరి 13

గుడిని దేవతలు ఒక్క రాత్రిలో కట్టారంటారు. కోడి కూసేసరికి గాలిగోపురం సగంలో ఉందట. వదిలేసి పోయారట.

"టైము సరిపోలా" అంది పిల్ల. "ముందు గోపురం మొదలుపెట్టాల్సింది. దానికే మార్కులెక్కువ."

ఫిబ్రవరి 16

ఆదివారం. మధ్యాహ్నం వసారాలో పేరాలు పైకి చదువుతోంది. అమ్మ చింతపండు గింజ తీస్తూ వింటోంది.

ఇవాళ్టిది కథనం. ఒక మనిషి వానలో ఏదో ఊరి సత్రంలో దిగుతాడు. దీపం లేదు. తడిగుడ్డలు ఆరేస్తాడు. అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది. లేస్తాడు. గడియ మీద చెయ్యి వేస్తాడు. అంతే. పేరా అయిపోయింది. కింద అయిదు ప్రశ్నలు. గడియ తీసేముందు అతని మనఃస్థితి ఏది?

"తలుపు కొట్టిందెవరే?" అంది అమ్మ.

"పేరాలో లేదమ్మమ్మా."

"ఎవరు కొట్టారో చెప్పకుండా వాడి మనసులో ఏముందో నన్నడుగుతాడేంటి?"

పిల్ల భయం అని టిక్ పెట్టింది. ఒప్పే. అమ్మ రాత్రి అన్నం తింటూ మళ్ళీ అడిగింది. "వాడి బావమరిదేమో?"

ఫిబ్రవరి 20

ఇంటర్ హాల్ టికెట్లు వాట్సాప్‌లో వస్తున్నాయి. మన మిత్ర. గవర్నమెంటు నంబరుకి హాయ్ అని పెడితే చాలు. పోయిన ఏడాది ఈ వారంలో షాపు ముందు చెప్పుల గుట్ట ఉండేది. ఇవాళ ఈగలు.

సాయంత్రం ఇద్దరొచ్చారు. వాట్సాప్‌లో వచ్చిందన్నా, ప్రింటు తియ్యి అన్నారు. మన మిత్రకి ప్రింటరు లేదు. కొంచెం ధైర్యమొచ్చింది.

ఫిబ్రవరి 23

అవనిగడ్డ కుర్రాడి ఉపదేశం పిల్లకి ఎక్కింది. ఇప్పుడు ప్రశ్నలే ముందు.

అమ్మకి ఇది నచ్చలేదు. నవలలో చివరి పేజీ ముందు తిప్పేవాళ్ళంటే ఆవిడకి మొదట్నుంచీ పడదు.

నేను శుభలేఖలు అలాగే చదువుతాను. ముందు విందు ఎన్నింటికో చూసి, తర్వాత పెళ్ళి ఎవరిదో.

మార్చి 1

సీయూఈటీ దరఖాస్తులు తెరిచారు. పిల్లకి ఎల్లుండి నుంచి ఇంటర్ పరీక్షలు. అవయ్యాక నింపుతానంది. ఆఖరి తేదీ 22.

మార్చి 11

ఇంటర్ పరీక్షలు. పేరాలకి సెలవు.

అమ్మ బావమరిది ఆలోచన మానుకుంది. తలుపు కొట్టింది ఆ సత్రం కట్టించిన మనిషి అంటోంది. అతనికే చోటు లేదట.

మార్చి 21

నిన్నటితో ఇంటరైపోయింది. ఇవాళ ఫారం.

సబ్జెక్టులు అయిదు దాకా పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు, తెలుగు, చరిత్ర, రాజనీతి శాస్త్రం, జనరల్ టెస్టు. మొత్తం 13 భాషల్లో తెలుగొకటి. బీసీలకి మూడు సబ్జెక్టుల వరకు 900, ఆపైన ఒక్కోదానికి 375. బావ ఫోన్‌పే కొట్టాడు. "చెరువులో వెయ్యట్లా, ఇందులో వేద్దాం" అన్నాడు.

ఫోటోకి ఇన్ని కేబీలు, సంతకానికి ఇన్ని కేబీలు. సంతకం మూడుసార్లు పెట్టించాను. మూడూ మూడు రకాలు. ఏది నీదంటే, నాలుగోది పెట్టింది.

చివర్లో గడి. బులెటిన్ పూర్తిగా చదివి అర్థం చేసుకున్నాను. నేను టిక్ పెట్టబోతే మౌసు మీద చెయ్యి వేసింది.

"చదవలేదు కదా మావయ్యా."

"ఎవరూ చదవరు."

"మరి చదివానని ఎందుకు పెడతాం?"

"పెట్టకపోతే కింద మీట వెలగదు."

బులెటిన్ డౌన్‌లోడ్ చేసుకుని మూల కూర్చుంది. దాని వెనక ఒక పాన్ కార్డు, రెండు కరెంటు బిల్లులు, ఒక లామినేషను ఆగాయి. లామినేషన్ ఆయన ఏం చదువుతోందని అడిగాడు. టిక్ పెట్టడానికి చదువుతోందన్నాను. ఆయన కాసేపు నిలబడి, "మొన్న నా లోను కాగితాల మీద కూడా అలాంటిదేదో ఉంది" అన్నాడు.

మధ్యాహ్నం దాటాక టిక్ పెట్టింది. ఈ షాపు పెట్టాక చదివి పెట్టిన టిక్ అదొక్కటే అనుకుంటా.

మార్చి 22

ఆఖరి రోజు. మధ్యాహ్నం నుంచి జనం. రాత్రికి గడువు 24 దాకా పెంచారు. జనం మళ్ళీ మాయం.

మార్చి 30

ఉగాది. విశ్వావసు. గుళ్ళో పంచాంగ శ్రవణం. వానలు మధ్యస్థం, పంటలు మధ్యస్థం, రాజుకు కొంత చికాకు.

పిల్ల పూజారిగారి ఎదురుగా కూర్చుని వింది. బయటికొచ్చాక, "ఏం చెప్పినా తప్పు పట్టడానికి లేదు మావయ్యా. ఆప్షన్లు రాసేవాళ్ళు ఇక్కడ నేర్చుకోవాలి" అంది. ఉగాది పచ్చడి రెండోసారి అడిగి తింది. వేపపువ్వు ఏరేసి.

ఏప్రిల్ 1

మా ఊరు పోటీ పరీక్షల్లో ఒక మార్కు. కృష్ణానది బంగాళాఖాతంలో ఎక్కడ కలుస్తుంది? హంసలదీవి.

ఇవాళ డీఎస్సీ పిల్లలు ఆటో కట్టించుకుని చూడ్డానికొచ్చారు. గుడి ముందు ఒకమ్మాయి నన్నడిగింది. "ఇదేనాండీ ఆ బిట్టు?"

ఇదేనమ్మా అన్నాను. నది కనపడదేంటండీ అంది. అసలు సంగతి ఏంటంటే, నది పులిగడ్డ దగ్గరే చీలిపోయి రెండు దార్లు పడుతుంది. మధ్యలో మిగిలిన నేల దివిసీమ. చెప్పబోయాను. పక్కనున్న కుర్రాడు ఆపాడు. "అవన్నీ వద్దండీ, కన్ఫ్యూజ్ అవుతాం."

ఏప్రిల్ 3

టీవీలో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ. కంచ గచ్చిబౌలి. 400 ఎకరాలు. జేసీబీలు, నెమళ్ళ అరుపులు, పిల్లల మీద లాఠీలు. ఇవాళ సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది.

పిల్ల పెట్టుకున్నది అక్కడికే. అయిదేళ్ళ ఎం.ఏ., చరిత్ర.

అక్క భయం లాఠీల గురించి. బావకి ఎకరం ఎంత పలుకుతుందోనని. అమ్మ మాత్రం నెమలి అరిచినప్పుడల్లా "అదిగో, మళ్ళీ" అంటోంది.

ఏప్రిల్ 5

ట్రంపు సుంకం. మనకి 26 శాతం. మన రొయ్యలు ఎక్కువగా తినేది అమెరికావాళ్ళే. కబురు ఇంకా పేపర్లో సరిగ్గా రాకముందే ఇక్కడ కొనేవాళ్ళు ధర తగ్గించేశారు. సుంకం అమల్లోకి రాలేదు. ధర తగ్గడం మాత్రం అమల్లోకొచ్చింది.

పిల్ల ఇంగ్లీషు పేపరు సంపాదకీయం ప్రింటు తీసి చదువుతోంది. రచయిత స్వరం ఎలాంటిది? ఆందోళన, వ్యంగ్యం, తటస్థం, ఆశాభావం.

బావ వెనకనుంచి అడిగాడు. "వంద కౌంటు రొయ్య ఎంతని రాశాడు?"

"అది లేదు నాన్నా."

"అయితే వాడికి చెరువు లేదు. తటస్థం పెట్టు."

తటస్థం పెట్టింది.

ఏప్రిల్ 8

తాబేళ్ళ పేరా. ఆలివ్ రిడ్లే. ఒడిశా తీరం, గహిర్మాత, రుషికుల్య. ఒక్కో గూట్లో సుమారు వంద గుడ్లు.

మా ఒడ్డున అటవీశాఖవాళ్ళు గుడ్లు ఏరి దడి కట్టి పొదిగిస్తారు. రాత్రుళ్ళు టార్చీలేసుకుని తిరిగే వాచరు ఒకాయన షాపుకొస్తాడు. చేతుల్లో ఎప్పుడూ ఇసుక. మా కీబోర్డు సందుల్లో ఉన్నదంతా ఆయనదే. ఆయనకి పేరా చదివి వినిపించింది.

మొత్తం విన్నాడు. తలాడించాడు. "బాగా రాశారమ్మా. నక్క సంగతి రాయలేదేం?"

పేరాలో నక్క లేదంది.

"నక్క లేకుండా గుడ్లెలా ఉంటాయి?" అన్నాడు. ఊరకుక్కలు కూడా, అని కలిపాడు. తల్లి గూడు మూసి ఇసుక మీద ఒళ్ళు అటూ ఇటూ ఊపి చదును చేస్తుందట. పైకి ఏమీ తెలియదట. సన్న పుల్లతో గుచ్చుతూ పోతే ఒకచోట ఇసుక మెత్తగా దిగుతుంది. అక్కడాపాలి. ఇంకాస్త దిగితే గుడ్డు పగులుతుంది. ఆ ఆపడం చూపించడానికి నా బాల్‌పెన్నుతో జిరాక్సు కాగితాల కట్ట మీద గుచ్చాడు. నిజంగానే ఆపాడు. పై కాగితం ఒక్కటే చిరిగింది.

పిల్ల ఆ చిరిగిన కాగితం దాచుకుంది. ఎందుకో అడగలేదు.

ఏప్రిల్ 12

ఇంటర్ ఫలితాలు. పాసు. మార్కులు బాగానే వచ్చాయి. వాట్సాప్‌లోనే చూసుకుంది. నా షాపులో కూర్చుని.

ఏప్రిల్ 13

అక్క ఊరంతా స్వీట్లు పంచింది. సీటు వచ్చిందనుకుని ఒకావిడ, పిల్ల హైదరాబాదు ఎప్పుడు వెళుతోందని అడిగింది. ఇంకా పరీక్ష ఉందండీ అన్నాను. "మరి ఇప్పుడు పాసయింది ఏంటి?"

మంచి ప్రశ్నే. సెంట్రల్ యూనివర్సిటీలు ఈ ఇంటర్ మార్కులు చూసి సీటివ్వవు. సీటుకి లెక్కకొచ్చేది సీయూఈటీ. 2022లో పెట్టారు. ఆవిడకి ఇదంతా చెప్పాను. "ఓహో" అని లడ్డు తీసుకుంది.

ఏప్రిల్ 16

పింగళి వెంకయ్య మీద తెలుగు పేరా. భట్లపెనుమర్రులో పుట్టారు. జాతీయ జెండా రూపకర్త. వజ్రాల మీద, పత్తి మీద పరిశోధన. ఆయన్ని పత్తి వెంకయ్య, జపాన్ వెంకయ్య అనేవారు.

పెదకళ్ళేపల్లి పెద్దాయన ఒకరు పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సుకొచ్చి విన్నారు.

"మా ఊరు లేదేం?"

"ఇందులో లేదండీ."

"పెరిగింది మా ఊళ్ళోనమ్మా. వాళ్ళ తాతగారు మా ఊళ్ళో ఉద్యోగం చేశారు. వేటూరి వాళ్ళూ మా ఊరే. ప్రభాకరశాస్త్రిగారు, పాటలు రాసిన సుందరరామమూర్తిగారు. రాయలేదా?"

"ఇది వెంకయ్యగారి పేరా అండీ."

"ఎవరి పేరా అయితేనేం, ఊరొకటే కదా?"

పేరా చుట్టూ ఉన్న ఖాళీలో పెన్నుతో పెదకళ్ళేపల్లి అని రాసిచ్చారు. గుండ్రటి పాత అక్షరాలు. జిరాక్సు డబ్బులు మర్చిపోయి వెళ్ళారు.

ఏప్రిల్ 21

నిన్న మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. 16,347 పోస్టులు. అవనిగడ్డలో టపాకాయలు కాల్చారట. ఇవాళ నా షాపులో నిలబడే చోటు లేదు. ఫోటో కేబీలు తగ్గించీ తగ్గించీ వేళ్ళు లాగుతున్నాయి.

ఫిబ్రవరి నాటి కుర్రాడూ వచ్చాడు. ఫారం చివర గడి. అతను నోటిఫికేషన్ రాత్రే మొత్తం చదివేశాడట. టిక్ మాత్రం నన్నే పెట్టమన్నాడు. చెయ్యి వణుకుతోందట.

ఏప్రిల్ 27

గైడులో ఉప్పెన పేరా. వసారాలో చదువుతుంటే ఆపుదామనుకున్నాను. అమ్మ కానివ్వమంది.

1977 నవంబరు 19. గాలి. అయిదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. మండలి వెంకట కృష్ణారావు గారు సహాయానికి ముందుకొచ్చారు.

"ఆయన పేరుందా? సరే" అంది అమ్మ. తర్వాత, "శనివారం అని లేదేం?"

లేదంది పిల్ల.

"అయిదు మీటర్లంటే ఎంతే?"

పిల్ల లేచి చూరు చూపించింది. చూరు మీద ఇంకొక చూరు అంది.

"తక్కువ రాశాడు."

రేడియోలో హెచ్చరించారని ఉంది పేరాలో. "మా వాడలో ఒక్కరింట్లోనే ఉండేది రేడియో. ఆయన పాటలప్పుడే పెట్టేవాడు." చింతపండు చాట పక్కన పెట్టింది. ప్రశ్నలేంటని అడిగింది.

ఈ పేరాకి తగిన శీర్షిక ఏది? ఎ, ప్రకృతి వైపరీత్యం. బి, దివిసీమ ఉప్పెన. సి, మానవసేవ. డి, తీరప్రాంత జీవనం.

అమ్మ చాలాసేపు ఆలోచించింది. డి అంది.

గైడులో బి. పిల్ల బి పెట్టింది. కాసేపటికి పెన్సిలుతో డి పక్కన చిన్న చుక్క పెట్టడం చూశాను.

మే 1

పరీక్ష కంప్యూటర్ మీద. నమూనా పరీక్ష స్క్రీను: రాసిన ప్రశ్న పచ్చ, చూసి వదిలేసింది ఎరుపు, తర్వాత చూద్దామనుకున్నది ఊదా. అసలు చూడనిది బూడిద.

గోడ క్యాలెండరుకి రంగులేస్తోంది. ఏప్రిల్ సగం ఊదా. మా పెద్దనాన్నగారి సంవత్సరీకం కూడా ఊదా పెట్టింది. అదేంటంటే, వెళ్ళాలో వద్దో తేల్చుకోలేదంది.

మే 3

యాభై ప్రశ్నలు అరవై నిమిషాల్లో అంటే ఒక్కోదానికి 72 సెకన్లు. పేరా చదివే టైము అందులోనే.

స్క్రీను మీద పేరా ఎడమ పక్క, ప్రశ్న కుడి పక్క. పేరా పొడుగైతే కిందికి జరపాలి. పిల్లకి చదివేటప్పుడు గీత గీసే అలవాటు. స్క్రీను మీద గీయలేదు. మౌసు బాణాన్ని అక్షరాల కింద నడిపిస్తోంది. వేలు పెట్టి చదవొద్దని రెండో తరగతిలో కొట్టి మాన్పించారు దీన్ని.

మే 5

బ్యాంకు నోటీసు పట్టుకుని ఒక తాత వచ్చాడు. పీతలు పడతాడు. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, కవరులో ఇంకో కవరు, అందులో నోటీసు. నాలుగు మడతలు. మడతల దగ్గర అక్షరాలు పోయాయి. మొత్తం ఇంగ్లీషు. కింద సీలు సగం కాగితం మీద, సగం ఎక్కడో.

నాకు ఖాళీ లేదు. పిల్ల తీసుకుంది. పెదాలు కదపకుండా చదివింది. తర్వాత తెలుగులో చెప్పింది. బంగారం లోను. గడువు దాటింది. కట్టకపోతే వేలం.

"ఎప్పుడే?"

"తేదీ మడతలో పోయింది తాతా."

"వడ్డీ ఒక్కటీ కడితే ఒప్పుకుంటారా?"

"ఇందులో లేదు తాతా."

"గొలుసొక్కటేనా, గాజులు కూడానా?"

"ఇందులో లేదు."

తాత నోటీసు మళ్ళీ అవే మడతల్లో పెట్టాడు. కవర్లో, కవర్లో, జేబులో. వెళ్ళాడు. పిల్ల ప్రాక్టీసు పేపరు తీసింది. ఒక ప్రశ్న దగ్గర టైమరు అయిపోయేదాకా కూర్చుంది. ఎరుపు రంగే.

మే 8

పరీక్షలు ఇవాళ మొదలవ్వాలి. 13కి జరిపారు. నిన్న రాత్రి పరీక్ష ఏ ఊళ్ళోనో చెప్పే స్లిప్పు వచ్చింది. విజయవాడ. టీవీలో యుద్ధం. స్లిప్పు ప్రింటు తీస్తుంటే వెనక సైరన్లు. ఎక్కడివో కూడా సరిగ్గా చెప్పడం లేదు.

మే 15

ఎండ. ఏరేటర్లు రాత్రంతా. అమ్మ సత్రం కథ పక్కింటావిడకి చెబుతోంది. సత్రం కట్టించినాయన ముసలితనంలో ఆస్తంతా పోగొట్టుకుని తన సత్రానికే వచ్చి తలుపు కొట్టాడు. లోపలున్నవాడు చిన్నప్పుడు ఆయన అన్నం పెట్టి చదివించిన కుర్రాడు. చీకట్లో గుర్తుపట్టలేదు. గొంతు విని గుర్తుపట్టాడు.

పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంది. "ఏ చానెల్లో వస్తోంది పిన్నీ?"

మే 22

పరీక్ష. తెల్లారుజామున బండి మీద అవనిగడ్డ, అక్కణ్ణుంచి బస్సు. కరకట్ట మీద అరటితోటలు. పిల్ల ఏమీ చదవలేదు. కిటికీలోంచి బోర్డులు మాత్రం చదివింది, పైకి. నర్సరీ. కొబ్బరిబొండాలు. ఇచ్చట ఈత నిషేధం. పాత ఇనుము కొనబడును.

సెంటర్ గేటు దగ్గర చెవి పోగులు తీయమన్నారు. నీళ్ళ సీసాకి లేబులు ఉండకూడదట. చింపేసింది. చింపేముందు చదివింది.

బయట తండ్రుల గుంపు. చెట్టు ఒకటే. నీడ జరిగినప్పుడల్లా అందరం జరిగాం. కైకలూరు నుంచి వచ్చిన ఒకాయన తన కూతురు నాలుగు భాషలు చదువుతుందన్నాడు. ఏవేవని అడిగాను. రెండు చెప్పి ఆగాడు.

పిల్ల బయటికొచ్చింది. ఎలా రాశావని అడగకూడదని అక్క చెప్పి పంపింది. అడగలేదు. చెరుకురసం తాగింది. రెండోది కూడా తాగింది.

"పచ్చే ఎక్కువ మావయ్యా" అంది. మిగతావి ఏ రంగో నేనడగలేదు.

మే 23

అమ్మ పొద్దున్నే పట్టుకుంది. "కథొచ్చిందా?"

"వచ్చింది."

"ఏం కథే?"

"బయట చెప్పకూడదమ్మమ్మా. ఇంకా పరీక్షలు జరుగుతున్నాయి."

"నేనెవరికి చెబుతానే? నాకు ఫోను కూడా లేదు."

పిల్ల లొంగలేదు. వంటింటి గుమ్మం దగ్గర అమ్మ మూతి ముడుచుకుని కూర్చుంది. కాసేపాగి, "పోనీ, చివర్లో తలుపు తీశారా లేదా? అదొక్కటే చెప్పు."

జూన్ 6

డీఎస్సీ పరీక్షలు మొదలయ్యాయి. అవనిగడ్డ మెస్సుల్లో ఇడ్లీలు మిగిలిపోతున్నాయట.

జూన్ 9

ఖాళీయే గదా అని పిల్ల షాపుకొస్తోంది. జిరాక్సు నేర్చుకుంది. రెండు వైపులా తీయడం రాదు. ఒక ఆధార్ కార్డుకి వెనక వేరే వాళ్ళ అడ్రసొచ్చింది.

పీతల తాత మళ్ళీ వచ్చాడు. రెండో నోటీసు. ఈసారి మడత తేదీ మీద పడలేదు.

పిల్ల చదివింది. చదివి కాగితం బల్ల మీద పెట్టింది. "తాతా, ఇందులో ఉన్నది ఇది: వచ్చే సోమవారం దాకా టైముంది. ఇందులో లేనిది నేను బ్యాంకుకి ఫోన్ చేసి అడుగుతా." అడిగింది. స్పీకరులో పెట్టింది. వడ్డీ కడితే తిరగరాస్తారట. ఎంతో కాగితం వెనక పెద్దంకెలతో రాసిచ్చింది. గాజులు కూడా అదే లోనులో ఉన్నాయట. తాత ఆ సంగతి విని ముసలమ్మని తిట్టాడు. ముసలమ్మకి తెలియకుండా తనే పెట్టాడని తర్వాత గుర్తొచ్చింది.

ఎంతివ్వాలన్నాడు. ప్రింటు తియ్యలేదు, ఏమీ వద్దన్నాను. అయిదు రూపాయల బిళ్ళ బల్ల మీద పెట్టి వెళ్ళాడు. వెనక్కి పిలిచినా రాలేదు.

జూన్ 10

గోడమీద రేట్ల బోర్డు. జిరాక్సు, కలరు ప్రింటు, లామినేషను, పాన్ కార్డు. వాటి కింద పిల్ల చాక్‌పీసుతో కొత్త వరస రాసింది. చదివి చెప్పబడును, రూ. 5.

సాయంత్రానికి అయిదుగురొచ్చారు. ఒక రిజిస్టర్డు కవరు, ఒక మందుల చీటీ, భూముల రీసర్వే నోటీసు రెండు. అయిదో ఆయన చేతిలో ఏ కాగితమూ లేదు. ఆ బోర్డు మీద కొత్తగా ఏం రాశారో చదవమన్నాడు. పిల్ల చదివింది. ఆయన జేబులోంచి అయిదు రూపాయలు తీశాడు.